సీసాల దగ్గర మొదలుపెట్టకండి: ఒక కంపెనీ సదస్సును బాధ్యతగా నడిపిన నా అనుభవం

మా కంపెనీ వార్షిక సదస్సు ఏర్పాట్లు చాలాకాలంగా నా చేతి మీదుగానే జరుగుతున్నాయి. హాలు బుకింగ్, హోటల్ గదులు, భోజనాలు, స్టేజీ, సౌండు, బ్యాడ్జీలు, వచ్చినవాళ్లను తిరిగి క్షేమంగా పంపించడం దాకా అన్నీ. ఆ ఏడాది మాత్రం పైనుంచి ఒక కొత్త షరతు వచ్చింది. సదస్సు అటు పర్యావరణానికీ ఇటు మనుషులకూ వీలైనంత తక్కువ నష్టంతో జరగాలి, జరిగినట్టు లెక్కలతో చూపించాలి. మొదటి సగం వినగానే అందరూ బాగుందన్నారు. లెక్కలు అనేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తొలి ప్లానింగ్ మీటింగ్‌లో మాటంతా సీసాల చుట్టూనే తిరిగింది. నీళ్ల సీసాలు తీసేద్దాం, కాగితం స్ట్రాలు పెడదాం, జనపనార సంచులు ఇద్దాం, అతిథులకు పూలగుత్తి బదులు మొక్క చేతిలో పెడదాం. ఇవి చేయాల్సినవే, కాదనను. కానీ ఇవన్నీ కంటికి కనిపించేవి, ఫొటోలో పడేవి. అసలు బరువు ఎక్కడుందో చూసుకోకుండా వీటితో మొదలుపెడితే చివరికి మిగిలేది ఆ ఫొటోలే. అందుకే ఒక్క వెండర్‌ను కూడా పిలవకముందే స్ప్రెడ్‌షీట్ తెరిచి కూర్చున్నాను.

కంపెనీలు తమ కర్బన ఉద్గారాలను ఎక్కువగా గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రకారం లెక్కగడతాయి. అందులో మూడు స్కోపులుంటాయి. మనం సొంతంగా కాల్చే ఇంధనం ఒకటోది, కొనుక్కునే కరెంటు రెండోది, మనకోసం బయట ఎక్కడెక్కడో జరిగేదంతా మూడోది. ఈ మూడో స్కోపులో 15 విభాగాలున్నాయి, ఉద్యోగులు పని మీద చేసే ప్రయాణాలు అందులో ఆరో విభాగం. బయటి హాల్లో పెట్టే సదస్సు దాదాపు మొత్తంగా మూడో స్కోపులోకే వస్తుంది. అందుకే అది కంపెనీల కంట పడదు. ఆఫీసు కరెంటు బిల్లు నెలనెలా బల్ల మీదికి వస్తుంది, విమానం వదిలిన పొగకు బిల్లు రాదు కదా.

పోయిన ఏడాది హాజరు పట్టిక తీసి, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, దేంట్లో వచ్చారు, ఏ క్లాసులో వచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు అన్నది వరుసగా నింపుకుంటూ పోయాను. దూరాన్ని ఉద్గారాలుగా మార్చడానికి బ్రిటన్ ప్రభుత్వం ఏటా ఉచితంగా ప్రచురించే గుణకాలు వాడాను. వాటిలో నాకు బాగా పనికొచ్చిన విషయం ఒకటుంది. దూరప్రయాణాల్లో బిజినెస్ క్లాసు సీటుకు ఎకానమీ సీటు కంటే దాదాపు 3 రెట్లు ఉద్గారాలు కడతారు. ఒక్క బిజినెస్ సీటు ఆక్రమించే చోటులో ఎకానమీలో ఇంకొందరు కూర్చోవచ్చు కాబట్టి ఆ లెక్క. షీటు పూర్తయ్యాక సింహభాగం ప్రయాణాలదే అని తేలింది. తర్వాత హోటల్, భోజనం, హాలు కరెంటు. మేము అంతసేపు మాట్లాడుకున్న సీసాలు ఆ చార్టులో గీతంత మందం కూడా లేవు.

ఆ ఒక్క చార్టు నాకు పెద్ద బలమైంది. అప్పటిదాకా ‘ఏ హాల్లో పెడదాం’ అని నడిచిన చర్చ ‘అసలు ఎవరు రావాలి, ఎక్కడికి రావాలి’ అన్న వైపు మళ్లింది.

అందర్నీ ఆన్‌లైన్‌లో కూర్చోబెడితే పోలా అని ఒకరు అననే అన్నారు. ఉద్గారాల వరకే చూస్తే అది నిజం. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సదస్సును పూర్తిగా ఆన్‌లైన్‌కు మారిస్తే కర్బన భారం 94 శాతం తగ్గుతుంది. అదే అధ్యయనంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకో అంకె. కేంద్రాలను జాగ్రత్తగా ఎంచుకుని, సగానికి పైగా జనం నేరుగా కలిసి, మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో చేరేలా హైబ్రిడ్‌గా నడిపినా మూడింట రెండు వంతులు తగ్గించవచ్చట. సేల్స్ వాళ్లు ముఖాముఖి కలిస్తేనే పని జరుగుతుందని పట్టుబట్టారు. వాళ్లది ఉత్తి మాట కాదు, కాఫీ దగ్గర తెగిన పంచాయితీలు నేనూ చూశాను. కానీ ప్రసంగాలు వినడానికి మాత్రమే వచ్చి, మధ్యాహ్నం భోజనం కాగానే లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసుకునేవాళ్లనూ చూశాను. వాళ్లను విమానం ఎక్కించి తేవడంలో అర్థం లేదు.

కాబట్టి అజెండాను రెండుగా విడదీశాం. వినేవి, చూసేవి అన్నీ ముందే ఆన్‌లైన్‌లో అయిపోయాయి. కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన వాటికే హాలు. రావాల్సినవాళ్ల జాబితా దాంతో బాగా తగ్గింది. ఊరిని ఎంచుకోవడంలో కూడా అందమైన చోటు అని చూడలేదు. జాబితాలో ఉన్నవాళ్లంతా వచ్చిపోవడానికి మొత్తం మీద ఎక్కడైతే తక్కువ ప్రయాణం పడుతుందో, ఎక్కువమంది రైల్లో రాగలరో అక్కడ పెట్టాం. హాలు స్టేషన్‌కు దగ్గర్లో ఉండాలని, హోటల్ నుంచి నడిచి వెళ్లగలగాలని షరతు. అలా చేస్తే షటిల్ బస్సుల గోలే ఉండదు.

పెద్దవాళ్ల బిజినెస్ క్లాసు దగ్గర మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ మాట ఎవరు ఎత్తాలి? చివరికి నేను ఏమీ అనలేదు. చార్టులో ఆ వరుసను విడిగా ఒక రంగులో పెట్టి వదిలేశాను. మా డైరెక్టర్ గారు చూసి, కాసేపాగి, “నాది ఎకానమీకి మార్చండి” అన్నారు. ఆ తర్వాత మిగతావాళ్లను అడగాల్సిన పని పడలేదు.

ఆయనే ఇంకో రోజు, “దీనికేమైనా సర్టిఫికెట్ ఉంటుందా?” అని అడిగారు. ఉంది, ఐఎస్ఓ 20121. ఈవెంట్లను బాధ్యతగా నడపడానికి బ్రిటన్‌లో 2007లో వచ్చిన బీఎస్ 8901 అనే ప్రమాణం దీనికి మూలం. లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో ఇది అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది, 2024లో సవరించారు. ఇన్ని సీసాలు మించకూడదు, ఇంత కరెంటు దాటకూడదు అనే జాబితా అందులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. మీ ఈవెంట్ వల్ల ఎవరెవరి మీద ఏ ప్రభావం పడుతోందో వాళ్లనే అడిగి తెలుసుకోండి, లక్ష్యాలు మీరే పెట్టుకోండి, కొలవండి, మళ్లీసారికి సరిదిద్దుకోండి అంటుంది. అంటే అది పని చేసే పద్ధతికి సంబంధించిన ప్రమాణం. ఒక్క సదస్సుకు సర్టిఫికెట్ కోసం ఖర్చు పెట్టడం దండగ అనిపించి, ఆ వరుస మాత్రం పాటించాం.

హాలు వాళ్లతో మాటల్లో ఒప్పుకున్నవి ఏవీ లెక్కలోకి రావని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. “అంతా గ్రీనే మేడమ్” అనని హాలు నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే కొటేషన్ అడిగే కాగితంలోనే ప్రశ్నలు పెట్టాను. మా సదస్సు మొదలయ్యే ముందు, అయ్యాక కరెంటు మీటరు రీడింగ్ ఇస్తారా? జనరేటరు ఎంతసేపు నడిచిందో, ఎంత డీజిల్ తాగిందో చెబుతారా? చెత్త ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడికి పోతుంది? తాగునీటి డిస్పెన్సర్లు, గాజు గ్లాసులు ఎన్ని ఉన్నాయి, అవి కడిగేదెవరు? హౌస్‌కీపింగ్ సిబ్బంది మీ ఉద్యోగులా, కాంట్రాక్టు మనుషులా? ఈ చివరి ప్రశ్నకు రెండు హాళ్లు జవాబే రాయలేదు. చెత్త ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు చాలాచోట్ల నుంచి ‘మునిసిపాలిటీ’ అనే ఒక్క మాటే వచ్చింది. వివరంగా రాసిన హాలునే ఎంచుకున్నాం. అది అన్నిటికంటే చౌక కాదు, అన్నిటికంటే ఖరీదైనదీ కాదు. రాసిన జవాబులన్నీ అగ్రిమెంటుకు జత చేశాం.

కంపోస్ట్ అయ్యే ప్లేట్లు, కప్పుల సంగతి ఇక్కడే చెప్పాలి. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ కప్పు చూడ్డానికి ప్లాస్టిక్‌లాగే ఉంటుంది, మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది. కానీ అది విచ్ఛిన్నం కావాలంటే దాదాపు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే పారిశ్రామిక కంపోస్టింగ్ కావాలి. పెరట్లో గుంట తీసి వేస్తే అలాగే పడి ఉంటుంది, మామూలు ప్లాస్టిక్‌తో కలిస్తే రీసైక్లింగ్‌ను పాడు చేస్తుంది. కాగితం కప్పుకు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. మా హాలు చెత్త వెళ్లేచోట అలాంటి కంపోస్టింగ్ ఏర్పాటు లేదు. కాబట్టి గాజు, పింగాణీ, స్టీలు. కడిగే మనుషుల్ని అదనంగా పెట్టించాం, దానికి డబ్బు మేమే ఇచ్చాం.

స్టేజీ దగ్గర జరిగింది కాస్త వివరంగా చెబుతాను. మా వక్తల్లో ఒకరు చక్రాల కుర్చీ వాడతారు. హాలు బ్రోషర్‌లో ‘అందరికీ అనువైన భవనం’ అని ఉంది. నిజమే, గుమ్మం దగ్గర ర్యాంపు ఉంది, లిఫ్టు ఉంది, టాయిలెట్ సరిపడా వెడల్పుగా ఉంది. స్టేజీకి మాత్రం మెట్లే. అంటే వచ్చి వినడానికి దారుంది, ఎక్కి మాట్లాడటానికి లేదు. “నలుగురం పట్టుకుని కుర్చీతో సహా పైన పెట్టేస్తాం మేడమ్, ఏం ఇబ్బంది లేదు” అన్నాడు అక్కడి ఫ్లోర్ మేనేజర్. ఇబ్బంది ఎవరికి లేదు? మూడు వందల మంది చూస్తుండగా సామాను మాదిరి ఎత్తించుకోవడం ఏ వక్తకు బాగుంటుంది?

ర్యాంపు కట్టించమన్నాం. చాలా దేశాల నిబంధనల్లో వాలు 1:12 మించకూడదు, అంటే ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కడానికి 12 సెంటీమీటర్ల పొడవు. స్టేజీ ఎత్తు 60 సెంటీమీటర్లు. కాబట్టి 7.2 మీటర్ల ర్యాంపు. స్టేజీ కట్టే అతను టేపు పెట్టి కొలిచి, పక్కనున్న కుర్చీల వరుసలన్నీ తీసేయాలన్నాడు. స్టేజీ ఎత్తే సగం చేస్తే సరిపోదా అని అడిగాను. 30 సెంటీమీటర్లయితే ర్యాంపు 3.6 మీటర్లకు దిగుతుంది, కుర్చీలు ఎక్కడివక్కడే ఉంటాయి. వెనకవాళ్లకు వేదిక కనిపించదని అతని బాధ. దానికి పక్కన ఉన్న తెరలు చాలు, ఎలాగూ అందరూ చూసేది వాటినే. స్టేజీ సగమయ్యేసరికి వాడే చెక్క, రవాణా కూడా తగ్గాయి.

ఇలాంటివి ముందే తెలియాలంటే రిజిస్ట్రేషన్ ఫారంలో అడగాలి. ‘మీరు వికలాంగులా’ అని టిక్కు పెట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ‘మీరు హాయిగా పాల్గొనడానికి మేం ఏం ఏర్పాటు చేయాలి?’ అని ఖాళీ గడి వదిలాం. పాలిచ్చే తల్లికి గది, వినికిడి తక్కువ ఉన్నవారికి తెర మీద మాటల పట్టీ, కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి చప్పుడు లేని చోటు, మందులు పెట్టుకోవడానికి ఫ్రిజ్. ఏదీ అసాధ్యమైనది కాదు. సంజ్ఞాభాష అనువాదకుల్ని మాత్రం కనీసం ఇద్దర్ని పెట్టుకోవాలి. ఒకరు రోజంతా చేయలేరు, 20, 30 నిమిషాలకోసారి మారుతుంటారు. ఒక్కరు చాలు కదా అని పర్చేజ్ విభాగం అడిగినప్పుడు ఈ మాటే చెప్పాల్సి వచ్చింది.

భోజనాల దగ్గరికొస్తే, క్యాటరింగ్ వాళ్లకు తక్కువ పడిందన్న మాట వినడమంత భయం ఇంకోటి లేదు. మనం చెప్పిన సంఖ్య మీద వాళ్లు కొంత కలుపుతారు. మనం వాళ్లకు చెప్పేటప్పుడే కొంత కలిపి ఉంటాం. మన కిందివాళ్లు మనకు చెప్పేటప్పుడు ఇంకొంత కలిపి ఉంటారు. మిగిలేదంతా ఇలా మిగిలిందే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 28 శాతం హోటళ్లు, క్యాటరింగ్ వంటి చోట్ల నుంచే.

మేము ఏ పూట తింటారో ఆ పూటకు విడిగా అడిగాం, ముందురోజు సాయంత్రం మళ్లీ అడిగాం. శాకాహారమే మామూలు మెనూ, మాంసాహారం కావాలనుకున్నవాళ్లు ఫారంలో చెప్పాలి అని పెట్టాం. వద్దని ఎవరికీ చెప్పలేదు. అడిగితే వస్తుందని తెలిసినా చాలామంది అడగలేదు. బఫేలో పెద్ద పాత్రల బదులు చిన్నవి పెట్టించి, అయిపోతున్నకొద్దీ నింపించాం.

మిగిలింది తూచాలని కూడా అగ్రిమెంటులో రాశాం. వంటింటి వెనక మూడు డబ్బాలు: తరుగు వ్యర్థం ఒకటి, బఫేలో మిగిలింది ఒకటి, ప్లేట్లలో వదిలేసింది ఒకటి. పక్కన ఒక కాటా. క్యాటరింగ్ సూపర్‌వైజర్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. “ఇవి రాసుకుంటే మాకే చెడ్డపేరు కదా మేడమ్” అని కాటా చుట్టూ తిరిగాడు. ప్లేట్లలో వదిలేసేది మా తప్పు, బఫేలో మిగిలేది మన ఇద్దరిదీ, తూచకపోతే అంతా మీ ఖాతాలోకే వెళ్తుంది అని చెప్పాక నెమ్మదించాడు. మొదటి పూట అయ్యాక చూస్తే ప్లేట్లలో కంటే బఫేలోనే ఎక్కువ మిగిలింది. ‘జనం పారేస్తున్నారు’ అన్న ఫిర్యాదు అక్కడితో ఆగింది. రాత్రి వంట పరిమాణం అతనే స్వయంగా తగ్గించాడు.

మిగిలిన భోజనం దానం చేయడం వినడానికి తేలిక, చేయడానికి కాదు. వండింది మామూలు గది వేడిలో 2 గంటలకు మించి ఉంచకూడదని, వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా అయితే 5 డిగ్రీల లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బఫేలో అందరూ గరిటె పెట్టింది ఇంకొకరికి పంపడం మర్యాద కూడా కాదు. వంటింట్లో మూత తీయని పాత్రల్లో ఉన్నదే పంపాం. అది తీసుకునే సంస్థతో ఏ వేళకు, ఏ బండిలో, ఎంతవరకు తీసుకోగలరో ముందే మాట్లాడుకున్నాం. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి ‘చాలా మిగిలింది, వచ్చి పట్టుకెళ్లండి’ అనడం సేవ కాదు, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టడం.

ఫ్లెక్సీలు, కిట్ బ్యాగులు, మొమెంటోల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫ్లెక్సీ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్, సదస్సయ్యాక దాన్ని రీసైకిల్ చేసేవాళ్లు దొరకడం కష్టం. గుడ్డ బ్యానర్ల మీద తేదీ, సంవత్సరం లేకుండా సదస్సు పేరు మాత్రం వేయించాం, బీరువాలో ఉన్నాయి. బ్యాడ్జీ తాళ్లు వెళ్లేటప్పుడు తిరిగి తీసుకున్నాం. బహుమతులు ఎత్తేశాం. మార్కెటింగ్ వాళ్లు రెండు రోజులు మాట్లాడలేదు.

మనుషుల సంగతికి వస్తే, సామాజిక బాధ్యత అనగానే కంపెనీల్లో అందరికీ తోచేది స్టేజీ మీద పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో. లేదంటే ఉద్యోగులంతా ఒక గంట కూర్చుని పిల్లలకు పుస్తకాల సంచులు సర్దడం. ఆ సంచులు ఎవరికి పోవాలో వాళ్లను అడిగితే, వాళ్లకు కావలసింది వేరేది అయ్యుండొచ్చు. నా దృష్టి స్టేజీ వెనక ఉన్నవాళ్ల మీదికి పోయింది. తెల్లవారితే సదస్సు అనగా రాత్రంతా స్టేజీ కట్టేవాళ్లు, మన కార్యక్రమం ముగిసిన నిమిషంలో విప్పడం మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా విప్పేవాళ్లు, ప్లేట్లు కడిగేవాళ్లు. వాళ్లకు భోజనం ఎక్కడ, కూర్చునే చోటెక్కడ, టాయిలెట్ ఏది అని అడిగితే ఒక్కో వెండర్ ఒక్కో వైపు చూశారు.

అగ్రిమెంట్లలో ఇవన్నీ రాయించాం. హెల్మెట్, బూట్లు లేకుండా నిచ్చెన ఎక్కించకూడదు. రెండు షిఫ్టుల మధ్య నిద్రకు వ్యవధి ఉండాలి. అతిథులకు పెట్టే భోజనమే వాళ్లకూ, వేళకు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి వెళ్లే ఆడవాళ్లకు వాహనం. స్టేజీ విప్పడానికి హాలును అదనంగా సగం రోజు తీసుకున్నాం, దాంతో రాత్రికి రాత్రే విప్పాల్సిన పరుగు తప్పింది. ఆ అద్దె చూసి ఫైనాన్స్ వాళ్లు ముఖం చిట్లించారు. బహుమతులు, ఫ్లెక్సీలు, షటిల్ బస్సుల్లో మిగిలింది చూపించాను.

ఫైనాన్స్‌తో అసలు గొడవ పడింది చెల్లింపుల మీద. చిన్న వెండర్లకు మేం 90 రోజులకు డబ్బిస్తాం. అలాంటి వెండర్ తన కూలీలకు అప్పు చేసి ఇవ్వాలి, లేదా వాళ్లను ఆపాలి. కూలీల హక్కుల గురించి అతని చేత సంతకం పెట్టించుకుని, డబ్బు మూడు నెలలు ఆపితే ఆ సంతకానికి అర్థమేముంది? ఈ సదస్సుకు 30 రోజులని ఒప్పించగలిగాను. శాశ్వతంగా మార్చాలన్న నోట్ ఇంకా తిరుగుతూనే ఉంది.

సదస్సు అయ్యాక అంకెలన్నీ చేర్చి రిపోర్టు రాశాను. పోయిన ఏడాదితో పోలిస్తే ఉద్గారాలు బాగా తగ్గాయి, తగ్గినదాంట్లో ఎక్కువ భాగం ప్రయాణాల నుంచే. మిగిలినదానికి కార్బన్ క్రెడిట్లు, అంటే ఇంకెక్కడో ఎవరో ఉద్గారాలు తగ్గించిన లెక్కకు ఇచ్చే పత్రాలు, కొని ‘కార్బన్ న్యూట్రల్ సదస్సు’ అని ప్రకటిద్దామని ఒక సూచన వచ్చింది. నేను వద్దన్నాను. వినియోగదారులకు అమ్మే వస్తువులు, సేవల విషయంలో ఇలా క్రెడిట్లను చూపించి ‘ప్రభావం సున్నా’ అనడాన్ని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసి నిషేధించింది. మా సదస్సు ఆ చట్టం కిందికి రాకపోవచ్చు, కానీ ఆ మాటలో ఉన్న తిరకాసు అదే. ఎంత వెలువడిందో అంతే రాశాం. జరగనివి కూడా రాశాం. జనరేటరు డీజిల్ లెక్క హాలు వాళ్లు చివరి దాకా ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో చేరినవాళ్లు మధ్యాహ్నం చర్చల్లో తమను ఎవరూ పట్టించుకోలేదన్నారు, అది నిజమే.

వచ్చే ఏడాదికి రెండు ఊళ్లలో ఒకేసారి పెట్టి వీడియోతో కలిపే ప్రతిపాదన పంపాను. ఆన్‌లైన్ వాళ్ల తరఫున మాట్లాడటానికే గదిలో ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టాలని అందులో రాశాను. డైరెక్టర్ గారు సరే అన్నారు. సేల్స్ వాళ్లు ఒప్పుకోవడం లేదు, ఒకే చోట అందరూ కలవాల్సిందే అంటున్నారు. ఒక ఏడాది అలా, ఒక ఏడాది ఇలా అనే బేరం నడుస్తోంది. ఏది తేలినా కొటేషన్ కాగితం మాత్రం సిద్ధంగా ఉంది, ఈసారి అందులో స్టేజీ ఎత్తు 30 సెంటీమీటర్లని ముందే రాసిపెట్టాను.